చాటి యిచ్చిన దానము, చాటున ఇచ్చిన కానుక

అనంతపురమునకు ఈశాన్యముగా శింగనమల కలదు. ఆ యూరి పేరు చెప్పగానే ఈ ప్రాంతము వారికి మొదట స్ఫురించునది శ్రీరంగరాయల చెరువు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ మెట్టసీమలో చెరువనగా ఊరి ఆస్తి, ఊరి ఆయువు. అందుచేతనే చెరువు త్రవ్వించినవానిని, తూము కట్టించినవానిని, గండి పూడ్పించినవానిని మన పూర్వులు మరువలేదు. వారి పేర్లను, వారిచ్చిన భూముల హద్దులను రాతిపై చెక్కించి పదిమంది తిరుగుచోట నిలుపుట ఈ సీమలో చిరకాలపు ఆచారము.

కడప మండలములోని పోరుమామిళ్ల శాసనము ఇట్టివానిలో ప్రసిద్ధమైనది. 1369వ సంవత్సరమున విజయనగర రాజవంశీయుడు భాస్కర భవదూరుడు చెరువు కట్టించి, ఆ పనికి వేయిమంది కూలీలును నూరు బండ్లును రెండేండ్లపాటు పట్టినట్లు శిలపై వ్రాయించెను. చెరువు కట్టించినవారికిని, దానిని బాగుచేయించువారికిని దశబంధము అను పేర ఇనాములిచ్చుట మన జిల్లాలలో ఆంగ్లేయుల కాలము వరకును నడచినది. ఈ దానము లన్నింటికిని ఒక సామాన్య లక్షణము కలదు. ఎవరిచ్చిరి, ఎవరికిచ్చిరి, ఏమిచ్చిరి, ఎందుల కిచ్చిరి అను నాలుగు ప్రశ్నలకును జవాబు అందరి యెదుట నుండును. ఇచ్చినవాడు దాచలేదు, పుచ్చుకొన్నవాడు దాచలేదు.

మేము ఈనాడు ముచ్చటింప దలచినది వేరొక తరగతి ఈవిని గూర్చి. దానికి శాసనముండదు, సాక్షి యుండడు. అది ధనవంతుని ఇంటినుండి న్యాయమూర్తి ఇంటికి చాటుగా పోవు కానుక. అది లంచమని ఎవరును అనరు. స్నేహమందురు, మర్యాద యందురు, ఆతిథ్య మందురు. ఇచ్చినవాడు ప్రతిఫలము నోట అడుగడు. పుచ్చుకొన్నవాడు మాట ఈయడు. అయినను ఆ దినమునుండి న్యాయపీఠము ఒక ప్రక్కకు రవంత ఒరిగినదేమోయను సందేహము పుట్టును. ఆ సందేహమును తీర్చు సాధనము ప్రజల చేతిలో నుండదు. ఈ చిక్కును మన పెద్దలు ఎట్లు గుర్తించిరి, పాలకులు ఎట్లు కట్టడిచేయ జూచిరి, నేటికిని ఏమి మిగిలియున్నది అను విషయములను క్రమముగా చూతము.

శింగనమల ప్రాంతపు రైతునకు న్యాయస్థానముతో పని ఎప్పుడు పడును? గట్టు తగాదాకు, బావి తగాదాకు, పట్టా తగాదాకు. వేరుసెనగ ఎండిన ఏట అప్పు తీర్చలేక, తాకట్టు పెట్టిన చేను చేజారుచున్నప్పుడు. అతడు పైరు విడిచి అనంతపురము కచేరికి పోవును; వకీలునకు ఫీజు కట్టును; వాయిదా వేసిన దినమున మరల పోవును. ఎదుటి పక్షము కలవారైనచో వారికి పెద్ద వకీళ్లుందురు, వెచ్చించుటకు కాలము నుండును. రైతునకున్న ధైర్య మొక్కటే: పీఠముపై కూర్చున్నవారు తనకెంత దూరమో, ఎదుటివానికిని అంతే దూరమని. ఆ సమదూరమే న్యాయము. చాటు కానుక తినివేయునది ఆ సమదూరమును. కానుక ఈయగలవాడు ఎల్లప్పుడును కలవాడే గనుక నష్టము పడువాడు ఎల్లప్పుడును లేనివాడే.

ఈ సంగతి మన ధర్మశాస్త్రకారులకు బాగుగా తెలియును. యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయము ఆరంభముననే న్యాయసభలోని సభ్యులను హెచ్చరించెను. రాగముచేతగాని, లోభముచేతగాని, భయముచేతగాని ధర్మవిరుద్ధముగా తీర్పు చెప్పిన సభ్యులను విడివిడిగా దండింపవలెననియు, ఆ దండుగ రెండింత లుండవలెననియు విధించెను. ఓడినవానికి పడు దండుగకు రెండింతలని దానికి విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో అర్థము చెప్పెను. ఇందు రెండు మాటలు గమనింపదగినవి. లోభమునకంటె ముందు రాగమును పేర్కొనుట మొదటిది. రాగమనగా అనురాగము, స్నేహము. ధనాశ ఎంత ప్రమాదకరమో మోమాటమును అంత ప్రమాదకరమని శాస్త్రకారుని భావము. విడివిడిగా అనుట రెండవది. పదిమందితో కలిసి చెప్పిన తీర్పని చెప్పి ఒకరి వెనుక నొకరు దాగుటకు వీలులేదు.

లంచముపై బ్రదుకు రాజోద్యోగి ధనమునంతయు హరించి, దేశమునుండి వెడలగొట్టవలెనని కూడ ఆ స్మృతియే చెప్పినది. 13వ శతాబ్దిలో తిక్కన సమకాలికుడైన కేతన మితాక్షరను తెలుగు పద్యములలో విజ్ఞానేశ్వరీయముగా రచించినందున, ఈ ధర్మములు సంస్కృతము రాని తెలుగువారికిని అందుబాటులోనికి వచ్చెను. అయితే చాటున జరిగినదానిని రాజు తెలిసికొనుట ఎట్లు? చారులను పెట్టి అధికారుల నడవడిని కనిపెట్టవలెనని స్మృతి చెప్పినది. అనగా పుచ్చుకొన్నవాడే ముందుగా వెల్లడింపవలెనను నియమము లేదు. వేగులవాని కన్ను ఎంతవరకు పోవునో శాసనమును అంతవరకే పోవును. ఈ లోపమును మనస్సునం దుంచుకొనిన తరువాతి చరిత్ర సులభముగా అర్థమగును.

శాస్త్ర మట్లుండగా ఆచారము వేరు త్రోవ త్రొక్కెను. రాజు నొద్దకు, దేవుని యొద్దకు, గురువు నొద్దకు రిక్తహస్తములతో పోరాదను లోకోక్తి కచేరీలకును ప్రాకెను. నజరు లేక దర్శనము లేదు. ఈస్టిండియా కంపెనీవారు ఈ దేశమున అధికారులైనప్పుడు ఆ యాచారము వారికి మిక్కిలి హితముగా తోచెను. దానికి తెలుగునాటి ఉదాహరణము విజయనగరము వ్యవహారము.

1778లో చెన్నపట్టణపు గవర్నరు సర్ థామస్ రంబోల్డు ఉత్తర సర్కారుల జమీందారులను తన యొద్దకు రప్పించెను. ఆ కాలమున విజయనగరము జమీందారు విజయరామరాజునకును, ఆయన అన్న సీతారామరాజునకును సంస్థానపు దివానుగిరి విషయమై తగవు నడచుచుండెను. ఆ తగవు గవర్నరు ఎదుటికి వచ్చెను. విజయరామరాజు ఒప్పకపోయినను దివానుగిరి సీతారామరాజునకు దక్కెను. తరువాత గవర్నరు ఆంతరంగిక కార్యదర్శి రెడ్‌హెడ్ మరణింపగా అతని కాగితములలో ఒక లెక్క బయటపడెను. సోదరులను సమాధానపరచి దివానుగిరి ఇప్పించు నిమిత్తము సీతారామరాజు అతనికి లక్ష రూపాయలు వాగ్దానము చేసినట్లు అందులో నుండెను. కంపెనీ డైరెక్టర్లు 1781లో రంబోల్డును పదవినుండి తొలగించిరి. పార్లమెంటులో ఆయనపై వచ్చిన బిల్లు 1783లో విడిచిపెట్టబడెను, నేరము స్థాపింపబడలేదు. గవర్నరు స్వయముగా ఏమి పుచ్చుకొనెనో పుచ్చుకొనలేదో చెప్పుట మా పని కాదు. తీర్పు చెప్పువాని గడప దగ్గరనే ఒక లక్ష రూపాయల మాట నడచినదనియు, అది ఒక మనిషి చనిపోవువరకు వెలికి రాలేదనియు మాత్రము చరిత్ర చెప్పుచున్నది. కార్యదర్శి బ్రదికియున్నచో ఆ కాగితమును చూచు వారెవరు?

కంపెనీ ఉద్యోగుల ధనదాహమునకు బ్రిటిషు పార్లమెంటు అప్పటికే ఒక కట్టుబాటు చేసియుండెను. 1773 నాటి రెగ్యులేటింగు చట్టము గవర్నరు జనరలును, ఆయన సభ్యులును, కలకత్తా సుప్రీము కోర్టు న్యాయమూర్తులును కానుకలు పుచ్చుకొనరాదని స్పష్టముగా నిషేధించెను. న్యాయమూర్తులకు ఆశ లేకుండునట్లు జీతములును ఘనముగా ఏర్పరచెను: ప్రధాన న్యాయమూర్తికి ఏటికి 8,000 పౌనులు, తక్కినవారికి 6,000 పౌనులు. అయినను 1780లో గవర్నరు జనరలు వారెన్ హేస్టింగ్సు, ప్రధాన న్యాయమూర్తి సర్ ఎలైజా ఇంపేను కంపెనీవారి సదర్ దివానీ అదాలతునకు కూడ అధిపతిగా నియమించి, అదనపు జీతము నేర్పరచెను. కంపెనీ ప్రభుత్వమును అదుపులో నుంచుటకు వచ్చిన న్యాయమూర్తి ఆ ప్రభుత్వము చేతినుండియే మరియొక జీతమునకు ఒప్పుకొనుట తగదని ఇంగ్లండులో కలకలము పుట్టెను. 1782లో ఆయనను వెనుకకు పిలిపించిరి. ఆయనపై తెచ్చిన అభిశంసన తీర్మానము 1788లో వీగిపోయెను. కాని ఒక పాఠము మిగిలెను: కానుక ఇచ్చువాడు వ్యాపారియే కానక్కరలేదు, ప్రభుత్వమే కావచ్చును, కానుక బంగారమే కానక్కరలేదు, పదవియే కావచ్చును.

1800లో నిజాము కంపెనీకి దత్తత చేసిన మండలములలో మన అనంతపురము సీమ యున్నది. వీనికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇచట నుండెను. అనంతపురమున కచేరి యుంచెను. తరువాత మద్రాసు గవర్నరై, 1827లో మరల ఈ సీమకు వచ్చి పత్తికొండలో మరణించెను. మన్రో 1824 డిసెంబరు 31న వ్రాసిన సుదీర్ఘమైన మినిట్టులో దేశీయోద్యోగుల అవినీతిని గూర్చి చర్చించెను. వారికి అల్పమైన జీతమిచ్చి, పెద్ద పదవులను మూసివేసి, నమ్మకము చూపక, పిదప వారిలో నీతి లేదనుట న్యాయము కాదని ఆయన వాదము. గౌరవము, నమ్మకము, తగిన జీతము ఇచ్చినచో ఏ దేశపు మనిషియైనను నిలిచి పనిచేయునని ఆయన నమ్మకము. ఇది సత్యమే. అయితే ఇంపే చరిత్ర దీనికి ఒక అనుబంధము: జీతము తగినంత యున్నంత మాత్రమున కానుక ఆగదు. జీతము ఆకలిని తీర్చును గాని స్నేహితుని పడవను, స్నేహితుని విడిదిని తిరస్కరింపజేయదు.

1860లో వచ్చిన ఇండియన్ పీనల్ కోడు ఈ విషయమున ఒక మెట్టు పైకెక్కెను. లంచమును గూర్చిన సెక్షనులు వేరుగా నుండగా, 165వ సెక్షను మరియొక సంగతి చెప్పెను. తన యెదుట వ్యవహార మున్న మనిషి వద్దనుండి ప్రభుత్వోద్యోగి తగిన వెల ఈయకుండ విలువగల వస్తువు పుచ్చుకొనుటయే నేరము. దానికి చట్టములోనే దృష్టాంతము లిచ్చిరి. ఒక కలెక్టరు, తనవద్ద బందోబస్తు వ్యవహారమున్న వాని యింటిని నెలకు 50 రూపాయల అద్దెకు తీసికొనును. న్యాయమైన అద్దె 200 రూపాయలు. ఒక న్యాయమూర్తి, తన కోర్టులో వ్యాజ్యమున్న వానివద్ద ప్రభుత్వపు ప్రామిసరీ నోట్లను తక్కువ ధరకు కొనును. బజారులో అవి ఎక్కువ ధరకు అమ్ముడగుచున్నవి. ఇచట ఎవరును డబ్బు సంచి అందీయలేదు. అద్దె చెల్లించినారు, వెల చెల్లించినారు, కాగితములు సరిగా నున్నవి. అయినను నేరమే. తీర్పు వంకరగా చెప్పెనా తిన్నగా చెప్పెనా యని చట్టము అడుగలేదు. ఈ సెక్షనులు 1988 నాటి అవినీతి నిరోధక చట్టములో లీనమైనవి.

తీర్పు ఎట్లున్నదని ఎందుల కడుగరాదు? ఇంగ్లండు చరిత్రలో దానికి జవాబు కలదు. 1621లో లార్డ్ ఛాన్సలరు ఫ్రాన్సిస్ బేకను కక్షిదారులవద్ద కానుకలు పుచ్చుకొన్నట్లు ఒప్పుకొనెను. ఆయన తత్త్వవేత్త, మహామేధావి. కానుకచేత తన తీర్పు ఎన్నడును మారలేదని ఆయన పట్టుపట్టెను. ఆ మాటకు కొంత ఆధారమును లేకపోలేదు: 100 పౌనులిచ్చిన ఆబ్రే యనువాడును, 400 పౌనులిచ్చిన ఎగర్టను అనువాడును తమ వ్యవహారములలో గెలువక, కోపముతో పార్లమెంటునకు ఎక్కిరి. అయినను పార్లమెంటు ఆయనకు 40,000 పౌనుల జుల్మానా విధించి పదవిని ఊడదీసెను. వారు సరిగానే చేసిరని మా అభిప్రాయము. కానుక పుచ్చుకొని తిన్నగా తీర్పు చెప్పినను లోకము నమ్మదు. నమ్మరాని న్యాయము, న్యాయమైనను, లోకమునకు పనికిరాదు.

ఇక మన కాలమునకు, మన జిల్లాకు వత్తము. రాయదుర్గమునకు ఆవల, బళ్లారి సరిహద్దున ఓబుళాపురము కలదు. అచటి ఇనుపరాతి గనుల వ్యవహారమున సి.బి.ఐ. వారు 2011 సెప్టెంబరు 5న గనుల యజమాని గాలి జనార్దన రెడ్డిని బళ్లారిలో నిర్బంధించిరి. 2012 మే 11న హైదరాబాదులోని సి.బి.ఐ. ప్రత్యేక న్యాయస్థానము ఆయనకు జామీను మంజూరు చేసెను. ఆ నెల ముగియకముందే, మే 31న, జామీను నిచ్చిన న్యాయమూర్తిని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు సస్పెండు చేసెను. జామీను కొరకు కోట్ల రూపాయలు చేతులు మారినవనియు, మధ్యవర్తులలో న్యాయశాఖకు చెందినవారే ఉన్నారనియు అభియోగము. జూనులో అవినీతి నిరోధక శాఖ ఆయనను నిర్బంధించెను. ఆ జామీను నిలువలేదు; 2015 జనవరిలో సుప్రీము కోర్టు విడుదల చేయువరకు గని యజమాని చెరలోనే యుండెను. గనుల కేసులో 2025 మే 6న ఆయనకు ఏడేండ్ల శిక్ష పడెను. జూనులో తెలంగాణ హైకోర్టు ఆ శిక్షను నిలిపి జామీను ఇచ్చెను.

అభియోగము అభియోగమే గాని తీర్పు కాదు. అందుచేత ఆ న్యాయమూర్తి పేరు మేము చెప్పుటలేదు. మా దృష్టి వేరొక అంశముపై నున్నది. ఆ వ్యవహారము ఇరువది దినములలో పైకి వచ్చుటకు కారణమేమి? పరిశోధించువా రుండిరి, బ్యాంకు లాకరు లుండెను, పైన హైకోర్టు ఉండెను. క్రింది న్యాయస్థానములలోని మునసబునకు, జిల్లా జడ్జికి నడవడి నియమములు కలవు. కానుక పుచ్చుకొనుటకు హద్దులు కలవు. స్థలము కొన్నను అమ్మినను పై అధికారికి తెలుపవలెను. పర్యవేక్షించువారు హైకోర్టువారు. కాని హైకోర్టు న్యాయమూర్తిని, సుప్రీము కోర్టు న్యాయమూర్తిని పర్యవేక్షించు వారెవరు? మెట్లు ఎక్కిన కొలది అధికారము పెరుగును, లెక్క చెప్పవలసిన పని తగ్గును. ఇదియే అసలు చిక్కు.

అనంతపురము జిల్లావారికి పై న్యాయస్థానము పలుమార్లు మారినది: 1954 వరకు మద్రాసు, పిదప గుంటూరు, 1956 నుండి హైదరాబాదు, 2019 జనవరి 1 నుండి అమరావతి. ఊరు మారినను ప్రశ్న మారలేదు. మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా నుండిన కె. వీరాస్వామిపై 1976లో ఆదాయమునకు మించిన ఆస్తుల కేసు నమోదయ్యెను. న్యాయమూర్తులు ప్రభుత్వోద్యోగులు కారు గనుక ఆ చట్టము తనకు వర్తింపదని ఆయన వాదించెను. 1991 జూలై 25న సుప్రీము కోర్టు అధికసంఖ్యాకుల తీర్పుతో ఆ వాదమును త్రోసివేసెను. ఉన్నత న్యాయమూర్తులకును అవినీతి నిరోధక చట్టము వర్తించును. అయితే భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదింపక కేసు నమోదు చేయరాదని నిర్ణయించెను. చట్టము పైమెట్టు వరకు ఎక్కినది గాని, అది లంచమును పట్టు చట్టము. స్నేహమను ముసుగులో వచ్చు కానుకను బయట పెట్టించు చట్టము కాదు.

ఆ కొరతను న్యాయమూర్తులే గుర్తించిరి. 1997 మే 7న సుప్రీము కోర్టు న్యాయమూర్తు లందరును సమావేశమై, న్యాయజీవనపు విలువలను పదునారు సూత్రములుగా ఆమోదించిరి. కుటుంబమువారు, దగ్గరి బంధువులు, స్నేహితులు తప్ప ఇతరులవద్ద కానుకగాని ఆతిథ్యముగాని న్యాయమూర్తి స్వీకరింపరాదని అందులో నొక సూత్రము. ఆస్తుల వివరములను ప్రధాన న్యాయమూర్తికి తెలుపవలెనని మరియొక తీర్మానము. మంచి సూత్రములే. కాని 'స్నేహితులు' అను ఒక్క మాట తలుపు తెరచియుంచినది. న్యాయమూర్తికి కానుక తెచ్చు ధనవంతుడు తాను స్నేహితుడను కానని ఎన్నడైన చెప్పునా? సూత్రమును మీరినచో ఎవరికి చెప్పుకొనవలెనో, పుచ్చుకొన్నదానిని ఎచట వ్రాయవలెనో కూడ అందు లేదు. ఈ సూత్రములకు చట్టబలము కల్పింప నుద్దేశించిన న్యాయప్రమాణముల బిల్లు 2010లో లోకసభకు వచ్చి, 2012లో అచట ఆమోదము పొంది, 2014లో సభ రద్దగుటతో మురిగిపోయెను.

'స్నేహితుడు' అను మాట ఎంత దూరము పోగలదో అమెరికాలో చూచితిమి. 1966లో అచటి సుప్రీము కోర్టు న్యాయమూర్తి ఏబ్ ఫోర్టాసు, లూయీ వుల్ఫ్‌సన్ అను ధనికుని ధర్మసంస్థవద్ద 20,000 డాలర్లు పుచ్చుకొనెను; అది ఏటేట జీవితాంతము ఈయవలెనని ఒప్పందము. వుల్ఫ్‌సన్ అప్పటికే ప్రభుత్వపు విచారణలో చిక్కుకొనియుండెను. న్యాయమూర్తి ఆ ధనమును సంవత్సరాంతమున తిరిగి ఇచ్చివేసెను. అయినను 1969లో పత్రిక బయటపెట్టగానే రాజీనామా చేయవలసి వచ్చెను. అంతటితో పాఠము నేర్చిరా? 1978లో ఆస్తులను, కానుకలను వెల్లడింపవలెనని చట్టము చేసిరి. 2023 ఏప్రిలులో మరియొక సంగతి వెలువడెను. న్యాయమూర్తి క్లారెన్స్ థామస్, డల్లాసు ధనికుడు హార్లన్ క్రో విమానములలో, విహారనౌకలో, విడుదులలో ఇరువది యేండ్లకు పైగా విహారయాత్రలు చేసెననియు, వానిని వెల్లడింపలేదనియు ఒక వార్తాసంస్థ ప్రకటించెను. ఆ దంపతులు తమకు ఆప్తమిత్రులనియు, కోర్టులో వ్యవహారము లేని మిత్రుల ఆతిథ్యమును తెలుపనక్కరలేదని తనకు సలహా చెప్పిరనియు న్యాయమూర్తి జవాబిచ్చెను. ఆయన పీఠమెక్కినది 1991లో. ఆ స్నేహము మొదలైనది 1996 ప్రాంతమున. ఆ యేడు నవంబరు 13న ఆ న్యాయస్థానము తన చరిత్రలో మొదటిసారిగా నడవడి సూత్రములను ప్రకటించెను. వానిని అమలుపరచు ఏర్పాటు మాత్రము చేయలేదు.

న్యాయమూర్తికి స్నేహితు లుండరాదా? అని కొందరడుగవచ్చును. ఉండవలెను. న్యాయమూర్తియు మనిషియే. ఆడపడుచు పెట్టు పసుపుకుంకుమలను, చిన్ననాటి సహాధ్యాయి పంపు మామిడిపండ్ల బుట్టను ఎవరును తప్పుపట్టరు. తేడా తెలియుటకు మూడు ప్రశ్నలు చాలునని మాకు తోచుచున్నది. ఈ స్నేహము పదవికి ముందటిదా, పదవి తరువాతిదా? పుచ్చుకొన్నవాడు అంతకు అంత తిరిగి పెట్టగలడా? ఈ సంగతి రేపు పదిమందికి తెలిసినచో ఇద్దరును సిగ్గుపడరు గదా? మామిడిపండ్ల బుట్ట ఈ మూడింటికిని నిలుచును. విహారనౌక ఒక్కదానికిని నిలువదు.

మన పొరుగుననే దీనికి ఒక సూత్రము పుట్టినది. 2001 ఫిబ్రవరిలో వివిధ దేశముల ప్రధాన న్యాయమూర్తులు బెంగుళూరులో సమావేశమై న్యాయనడవడి సూత్రముల చిత్తు సిద్ధపరచిరి. 2002 నవంబరులో హేగ్ నగరమున అది తుదిరూపము దాల్చి, బెంగుళూరు సూత్రములను పేర ప్రపంచమున వ్యాపించెను. న్యాయమూర్తియు, ఆయన కుటుంబమువారును తమ విధికి సంబంధించి కానుకగాని అప్పుగాని ఉపకారముగాని స్వీకరింపరాదు. సందర్భోచితమైన చిన్న గుర్తును మాత్రము, బహిరంగముగా వెల్లడించు నియమములకు లోబడి, స్వీకరింపవచ్చును. ఈ 'వెల్లడి' యను మాటయే కీలకము. స్మృతికాలమున చారుని కన్ను చేసిన పనిని ఈ కాలమున న్యాయమూర్తి స్వహస్తపు వ్రాత చేయవలెను.

మన దేశమున ఆ దిక్కునకు కొన్ని అడుగులు పడినవి. భారత ప్రధాన న్యాయమూర్తి కార్యాలయమును సమాచార హక్కు చట్టము క్రిందికి వచ్చునని 2019 నవంబరు 13న సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను. 2025 ఏప్రిల్ 1న న్యాయమూర్తులందరును తమ ఆస్తులను ప్రజలకు తెలుపుటకు నిర్ణయించి, మే 5న పలువురి వివరములను ప్రకటించిరి. ఇది సంతోషింపదగిన సంగతి. కాని ఆస్తుల పట్టిక వేరు, కానుకల పద్దు వేరు. ఇల్లు, పొలము, బ్యాంకు నిల్వ పట్టికలో కనిపించును. ఇతరుల విమానములో చేసిన ప్రయాణము, ఇతరుల భవనములో గడిపిన సెలవులు ఏ పట్టికలోను కనిపింపవు; అవి అనుభవించిన మరునాడే మాయమగును.

వెల్లడించినచో ఓడిన కక్షిదారులు న్యాయమూర్తులను వేధింతురను భయము కొందరికి కలదు. అది కొట్టివేయదగినది కాదు. న్యాయమూర్తి స్వాతంత్ర్యమును ప్రజలకే అవసరము. అందుచేత ప్రతి చిన్న ఈవిని వ్రాయుమని మేము కోరము. ఒక నిర్ణీతమైన విలువకు మించిన కానుకగాని ఆతిథ్యముగాని అయినచో, ఇచ్చినవాని పేరు, సందర్భము, విలువ ఈ మూడును వ్రాసి, ఎవరైనను చూడదగిన చోట నుంచిన చాలును. అది నీతిమంతుడైన న్యాయమూర్తికి కవచము. కుండెడు పాలకు ఉప్పుకల్లు ఒక్కటి చాలునన్నట్లు, ఒకని చాటు కానుక బయటపడినప్పుడు మచ్చ పీఠమునకంతకును అంటును. పద్దు తెరచి యున్నచో తక్కినవారు తలయెత్తుకొని నిలువగలరు.

న్యాయస్థానపు మాటకు బరువెంతయో శింగనమల ప్రాంతమువారికి ఒకరు చెప్పనక్కరలేదు. పొరుగున గార్లదిన్నె మండలములోని ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1964లో ముఖ్యమంత్రిగా నుండిరి. కర్నూలు జిల్లా బస్సు మార్గముల జాతీయకరణ వ్యవహారమున, ఆయన పక్షపాతముతో వ్యవహరించిరను ఆరోపణకు ఆయన స్వయముగా ప్రమాణపత్రము దాఖలు చేసి జవాబు చెప్పలేదని సుప్రీము కోర్టు వ్యాఖ్యానించెను. ఆ వ్యాఖ్యను మన్నించి ఆయన పదవిని విడిచిరి. ఆ న్యాయమూర్తులకు సైన్యము లేదు, ఖజానా లేదు. వారి వెనుక నుండినది ఒక్కటే: వారు ఎవరి ఉప్పును తినలేదని లోకమునకున్న నమ్మకము. ఆ నమ్మకము సడలిన దినమున ముఖ్యమంత్రియు దిగడు. గట్టు తగాదాకు అనంతపురము పోయిన రైతును తీర్పును తలదాల్చడు.

ముఖ్యమంత్రి తనపై వచ్చిన ఆరోపణకు ప్రమాణపూర్వకముగా జవాబు చెప్పవలెనని న్యాయస్థానము నాడు కోరినది. అది ధర్మమే. ఆ ధర్మము కోరినవారికిని వర్తింపవలెను. కోరుటలో అవమానము లేనట్లే, చెప్పుటలోను అవమానము లేదు.